కుడి భుజం వెనక

పోయిన వారం హాలీని డెల్మర్ ఇంటి మెట్ల మీద వదిలేశాం. తలుపు కొట్టాలో వెనక్కి పోవాలో తేల్చుకోలేక, కోటు గుండీ తిప్పుతూ నిలబడిపోయింది పిల్ల.

జరిగింది రెండు మాటల్లో చెప్పుకుందాం. ఏప్రిల్ నెలలో, ఈస్టర్ వెళ్ళిన గురువారం నాడు, హాలీ అన్నయ్య రోమన్ తన కొత్త కాటమౌంట్ కారులో ఫ్రీవే మీదికి వెళ్తూ రొట్టెల వ్యానుకు తగిలి, వంతెన గోడకు గుద్దుకుని చనిపోయాడు. పందెం వేసుకుని పోయాడని వీధి వీధంతా అంది. కన్నతండ్రి కాజిమిర్ కూడా ఆ మాటే నమ్మాడు. కంపెనీ డిజైన్ గదిలో ఆ కారు వెనక భాగాన్ని మట్టితో మలిచింది ఆయనే. ఇప్పుడు సమాధుల పండగ వచ్చింది. మంగళవారం చర్చిలో ఫాదర్‌గారు ప్రతి ఇంట్లోనూ పోయినవాళ్ళ పేర్లు పైకి చదువుతారు. హాలీ వాళ్ళ దుబియెల్ ఇంటి నుంచి తాత పేరు వెళ్ళింది, నాయనమ్మ పేరు వెళ్ళింది, యుద్ధంలో పోయిన పెదనాన్న పేరు వెళ్ళింది. రోమన్ పేరు వెళ్ళలేదు. పంపనన్నాడు తండ్రి. ఇవాళ శనివారం. సాయంత్రం ఐదింటికి చర్చి ఆఫీసు మూసేస్తే ఇక పేర్లు తీసుకోరు.

హాలీ తలుపు కొట్టింది.

"ఎవరూ? ఇన్సూరెన్సు వాళ్ళయితే నేను చచ్చిపోయానని రాసుకోండి!" లోపలి నుంచి కేక.

తలుపు తీసి ఎదురుగా ఎవరున్నారో చూసేసరికి డెల్మర్ నాలుక కరుచుకున్నాడు. అతను కెంటకీ కొండల్లోంచి పని కోసం డెట్రాయిట్ వచ్చినవాడు. ఫ్యాక్టరీలో రోమన్ పక్కనే నిలబడి రెండేళ్ళు కార్లకు తలుపులు బిగించాడు.

"నోరు జారింది హాలీ. మా వైపు నోళ్ళకు గడియలుండవు."

"ఫర్లేదులే."

"కాఫీ తాగుతావా? నిన్నటిదే. అయినా వేడి చేశాను."

"నీ కారు కావాలి డెల్మర్. ఒక్క గంట. మా ఇంటి ముందు పెట్టాలి."

డెల్మర్ పక్కకి చూశాడు. ఇంటి పక్క సందులో అతని పసుపు కాటమౌంట్ నిలబడి ఉంది. ముందు అద్దానికి 'అమ్మకానికి' అని రాసిన అట్ట. కారు వాయిదా కన్నా దాని ఇన్సూరెన్సే ఎక్కువైపోయిందని ఎండాకాలం నుంచీ గోల పెడుతున్నాడు. పాతికేళ్ళు నిండని మగపిల్లాడు, పెద్ద ఇంజను కారు అనగానే ఇన్సూరెన్సు వాళ్ళు ఫోను పెట్టేస్తున్నారట. ఈ ఏడాది ఇంజన్ల బలం తగ్గించేశారు. సీసం లేని పెట్రోలు వస్తోందంటున్నారు. కాటమౌంట్ అంటే కొండపులి. 'కొండపులికి గంజి పోసి పెంచమంటున్నారు' అన్నది అతని మాట.

"ఎందుకో చెప్పు ముందు," అన్నాడు.

"నీకు తెలుసు ఎందుకో."

తెలుసు. బుధవారం నాడు హాలీకి డ్రైవింగ్ నేర్పుతూ అతనే ఆమెను స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. అక్కడి కార్లకు స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. కుడివైపుకు మళ్ళే ముందు హాలీ మెడ తిప్పి వెనక్కి చూసింది. సైకిలు మీద ఒక ముసలాయన వస్తున్నాడు. ఉన్నట్టుండి లేడు. రోడ్డుంది, చెట్లున్నాయి, మనిషి లేడు. కాసేపటికి కారు ముక్కు దగ్గర తేలాడు, తిట్టుకుంటూ. వెనక అద్దానికీ పక్క అద్దానికీ నడుమ, కారు కప్పు కిందికి వాలే చోట, వెడల్పాటి రేకు ఉంది. దాన్ని స్తంభం అంటారు. ముసలాయన ఆ స్తంభం చాటుకు వెళ్ళాడు, అంతే.

ఆ మధ్యాహ్నమే హాలీ రొట్టెల వ్యాను డ్రైవర్ని వెతుక్కుంటూ వెళ్ళింది. చెయ్యి ఇంకా సరిగ్గా అతకలేదు అతనికి. "నేనక్కడ లేనట్టే నా మీదికి వచ్చేశాడమ్మా," అన్నాడు. పోలీసులకూ అదే చెప్పాడట. విన్నవాళ్ళంతా ఆ మాటలో పొగరు చూశారు, పందెం చూశారు. హాలీ మాత్రం ఆ మాటను నోట్లో రాయిలా పెట్టుకుని తిరుగుతోంది. లేనట్టే. రోమన్‌కు ఆ వ్యాను లేనట్టే కనిపించింది కాబట్టే.

"అలవాటు పడితే ఏం కాదు," డెల్మర్ మెల్లగా అన్నాడు. "తల ముందుకు పెట్టి, ఇట్లా నడుం వంచి చూడాలి. నేనిన్నాళ్ళూ అట్లాగే చూస్తున్నా."

"రోమన్ కారు కొని ఎన్నాళ్ళయింది?"

డెల్మర్ తల దించుకున్నాడు. "నెల కూడా కాలేదు."

"పద మరి."

"హాలీ, ఇట్లా చూడు. మీ నాన్న ఇప్పటికే సగం చచ్చి ఉన్నాడు. మిగిలిన సగం నువ్వు చంపుతావా?"

ఈ మాట హాలీ తనను తాను చాలాసార్లు అడుక్కున్నదే. రోమన్ మీద మచ్చ తుడవాలంటే ఆ మసి ఎక్కడో ఒకచోట పడాలి. ఎవరి మీద పడుతుందో తెలుసు. జవాబు దొరక్కపోయినా వచ్చింది.

"మంగళవారం ఫాదర్‌గారు పేర్లు చదువుతారు," అంది. "అందరి పేర్లూ చదువుతారు. పక్కింటి వాళ్ళ కుక్కకి కూడా పేరుంది డెల్మర్. మా అన్నయ్యకి ఉండదు."

డెల్మర్ తాళాలు తీసుకున్నాడు.

* * *

కాజిమిర్ ఇంటి ముందు మెట్ల మీద కూర్చుని, తాత సమాధి దగ్గర పెట్టే గాజు దీపాల్లోంచి నిరుటి మైనం గీకుతున్నాడు. తల్లి రెజీనా కింది మెట్టు దగ్గర చామంతి కుండీలకు నీళ్ళు పోస్తోంది. ఇద్దరి మధ్యా మూడు మెట్ల దూరం. ఏప్రిల్ నుంచీ ఆ ఇంట్లో మాటలు కూడా అంతంత ఎడంగానే ఉంటున్నాయి.

పసుపు కారు వచ్చి వాకిట్లో ఆగింది. అక్టోబరు ఎండ పలచగా ఉంది. తలుపు చివర మొదలై వెనక చక్రం మీదుగా పైకి లేచే వంపు మీద ఆ వెలుతురు జారి, అంచు దాకా పాకి, అక్కడ తెగింది. కాజిమిర్ చెయ్యి గాజుదీపం మీదే ఆగిపోయింది. కళ్ళు ఆ వెలుతురు వెంట వెళ్ళాయి. హాలీ చూసింది. ఏప్రిల్ తరవాత మొదటిసారి ఆయన ముఖంలో ఏదో కదిలింది. మరుక్షణం ఆయన ముఖం తిప్పేసుకున్నాడు.

"ఏరా కొండోడా, దీన్నెందుకు తెచ్చావిక్కడికి?"

"కొనేవాళ్ళు వస్తామన్నారు పెద్దాయనా, మీ వీధిలో... అంటే వెలుతురు బాగుంటుందని..." డెల్మర్‌కు అబద్ధం చేతకాదు. చెవులు ఎర్రబడ్డాయి.

"నేనే తెమ్మన్నాను నాన్నా," అంది హాలీ. "ఒకసారి ఇందులో కూర్చో."

"దేనికి?"

"కూర్చో, చెప్తాను."

"ఆ కారులో కూర్చునే పని నాకు లేదు."

"ఎప్పుడైనా కూర్చున్నావా అసలు? స్టీరింగు ముందు?"

కాజిమిర్ మళ్ళీ మైనం గీకసాగాడు. కూర్చోలేదు ఎన్నడూ. రోమన్ కారు తెచ్చిన రోజు కూడా కూర్చోలేదు. 'నడిపి చూడు నాన్నా, నీ కారే కదా' అని రోమన్ తాళాలు చేతిలో పెడితే, తిరిగి వాడి చేతిలోనే పెట్టేశాడు. అరుగు మీద నిలబడి, ఒక కన్ను మూసి, వీధిలో అటూ ఇటూ పోనిమ్మని చెయ్యి ఊపాడు. అలా ఎన్నిసార్లు పోనిచ్చాడో రోమన్. 'ఏమే హాలీ, నాన్న నన్ను కాదే చూసేది, నా వెనక భాగాన్ని' అని నవ్వాడు.

"భయమా?" అంది హాలీ.

తండ్రితో ఈ జన్మలో అట్లా మాట్లాడలేదు. రెజీనా నీళ్ళ చెంబు కింద పెట్టింది.

కాజిమిర్ లేచి, చేతుల్లో మైనం ప్యాంటుకు తుడుచుకుని, వచ్చి కూర్చున్నాడు. పెద్దమనిషి, పొట్టి కారు. మోకాళ్ళు స్టీరింగుకు తగిలాయి. "ఊఁ. కూర్చున్నాను. ఏంటి?"

"నేను కారు పక్కన కుడివైపు ముందు నుంచి వెనక్కి నడుస్తాను. నువ్వు మెడ తిప్పి నన్ను చూస్తూ ఉండు. కనిపిస్తున్నంత సేపూ 'ఊఁ' అను."

"చిన్నపిల్లల ఆటా ఇది?"

"అట్లాగే అనుకో నాన్నా."

హాలీ కారు ముందు కుడివైపు దీపం దగ్గర నిలబడింది. "ఊఁ" అన్నాడు కాజిమిర్ విసుగ్గా. నాలుగడుగులు వేసింది, కాస్త ఎడంగా, పక్క వరసలో ఇంకో బండి ఉంటే ఎంత దూరంలో ఉంటుందో అంత దూరంలో. "ఊఁ." తలుపు దాటింది. "ఊఁ." ఇంకో అడుగు. తండ్రి ముక్కు, మీసం, నుదుటి ముడత అన్నీ కనిపిస్తున్నాయి. "ఊఁ."

ఇంకో అడుగు వేసింది. తండ్రి ముఖం ఉన్న చోట పసుపు రేకు వచ్చింది.

వీధిలో ఎక్కడో ఎవరో ఎండుటాకులు ఊడుస్తున్న చప్పుడు. కారులోంచి ఏ చప్పుడూ లేదు.

హాలీ కదలకుండా నిలబడింది. పట్టపగలు, ఎర్ర కోటు వేసుకుని, చెయ్యి చాచి నాలుగడుగులు వేస్తే తండ్రిని తాకేంత దగ్గరలో నిలబడింది.

"హాలీ?"

ఆమె పలకలేదు.

"హాలీ, ఎక్కడున్నావు?"

"ఇక్కడే ఉన్నా నాన్నా."

సీటు స్ప్రింగులు కిర్రుమన్నాయి. ఆయన ముందుకు వంగాడు కాబోలు, వెనక్కి జరిగాడు కాబోలు. చాలాసేపు పట్టింది. హాలీకి బయటికొచ్చేయాలనిపించింది, ఆ రేకు చాటు నుంచి దూకి 'ఇదిగో నేను' అని అరవాలనిపించింది. రాలేదు. రోమన్ కోసం ఆగింది.

* * *

ఈ కారు పుట్టుక హాలీకి కంఠతా వచ్చు. మిగతా పిల్లలకు రాజుల కథలు చెబితే, ఆ ఇంట్లో పిల్లలకు అది చెప్పేవాడు తండ్రి.

కుర్రకారు కోసం ఒక కారు కావాలన్నారు పైవాళ్ళు. చిన్న ఒంట్లో పెద్ద ఇంజను. ఫ్యాక్టరీ జీతంతో కొనగలిగే ధర. బొమ్మలు గీసేవాళ్ళు గీశారు: ముక్కు పొడుగు, తోక పొట్టి. ఆ బొమ్మ మట్టి పనివాళ్ళ గదికి వచ్చింది. చెక్కతో, నురుగు దిమ్మలతో గూడు కట్టి, దాని మీద పొయ్యిలో వెచ్చబెట్టిన గోధుమరంగు మట్టిని బొటనవేళ్ళతో అదిమి అదిమి పరుస్తారు. అది చల్లారి గట్టిపడ్డాక ఉక్కు బద్దలతో గీకి గీకి నునుపు తేలుస్తారు. గంధకం వాసన వేస్తుంది ఆ మట్టి. ఆ చలికాలమంతా నాన్న ఒళ్ళో కూర్చుంటే అగ్గిపెట్టె వాసన వచ్చేది హాలీకి.

ఒకే దిమ్మకు రెండు కార్లు చేసేవాళ్ళు. ఎడమ సగం ఒకరు, కుడి సగం ఇంకొకరు. పెద్దలు వచ్చి, గోడలు కట్టిన పెరట్లో కుర్చీలు వేసుకుని చూసి, ఒక సగాన్ని మెచ్చుకుంటారు. రెండోదాన్ని గీకేసి, మెచ్చుకున్నదాన్నే అద్దంలో నీడలా అటువైపు దించుతారు. కాజిమిర్‌ది కుడి సగం. దూకబోయే ముందు కొండపులి తుంటి ఎలా పైకి లేస్తుందో చూడ్డానికి ఆయన జంతువుల తోటకు వెళ్ళి నిలబడ్డాడు. ఆ లేచే వంపు తెచ్చి చక్రం మీద పెట్టాడు.

స్తంభంలో మొదట ఒక చిన్న ముక్కోణపు అద్దం ఉండేది. కంపెనీ పెద్దల్లో ఒకడు చూసి, 'ఆ కిటికీ చొక్కాకు వేసిన మాసికలా ఉంది, పూడ్చేయండి' అన్నాడు. కాజిమిర్ వెచ్చటి మట్టి తెచ్చి పూడ్చాడు. భుజం నుంచి కప్పు దాకా ఒక్కటే వంపు వచ్చింది. మీద వెండిరంగు పొర తొడిగి పెరట్లో ఎండలోకి తోస్తే, కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. ఈ కథ చెప్పినప్పుడల్లా, పిల్లలిద్దరూ అక్కడే చప్పట్లు కొట్టేవాళ్ళు.

* * *

కాజిమిర్ కారు దిగాడు. చుట్టూ తిరిగి వచ్చి, హాలీకి ఎదురుగా స్తంభం మీద అరచెయ్యి పెట్టాడు. పెట్టి, ఇంకో అరచెయ్యి పక్కన పెట్టాడు. రెండు చేతులూ పట్టాయి, ఇంకా మిగిలింది.

"ఎవరూ కూర్చుని చూడలేదా నాన్నా?" హాలీ అడిగింది. "ఒక్కళ్ళన్నా?"

"ఎక్కడ కూర్చుంటారే?" ఆయన చెయ్యి తియ్యలేదు. "మట్టి కారుకి లోపలుండదు. అద్దాలున్న చోట నల్ల కాగితం అంటిస్తాం. మొత్తం దిమ్మే. సీట్లు వేరే మేడలో, వేరే వాళ్ళు చేస్తారు, చెక్కబల్లల మీద. మేమెప్పుడూ..." ఆగాడు. "మేమెప్పుడూ కుర్చీలున్న చోట నిలబడి చూస్తాం. పెద్దవాళ్ళకు ఎట్లా కనపడుతుందో అట్లా. బయట నుంచి. అందరం బయట నుంచే చూశాం."

"రోమన్ లోపల్నుంచి చూశాడు నాన్నా."

డెల్మర్ కాలితో ఎండుటాకును నలుపుతూ నేల చూపులు చూస్తున్నాడు.

"వాడు దూకుడుగా నడిపాడు," కాజిమిర్ అన్నాడు. మొండిగా కాదు, ఆసరా కోసం గోడ తడుముకునేవాడిలా అన్నాడు. "పోలీసులన్నారు. అందరూ అన్నారు. వాడికి చిన్నప్పట్నుంచీ దూకుడే."

"వ్యాను డ్రైవరేమన్నాడో తెలుసా? నేనక్కడ లేనట్టే వచ్చాడన్నాడు. మొన్నటిదాకా నువ్వూ నేనూ వీధీ అందరం ఆ మాటకి ఒకటే అర్థం చెప్పుకున్నాం. ఇప్పుడు నేను నీ ముందు నిలబడ్డానా లేదా? నీకు కనిపించానా?"

"చాల్లే."

"కనిపించానా నాన్నా?"

"చాల్లే అన్నానా!"

ఆ కేకకు ఎదురింటి తలుపు తెరుచుకుని, మూసుకుంది. హాలీ మెట్ల వైపు వెనక్కి జరిగింది. ఇంత మాట అనాలనుకోలేదు. అనకుండా ఉండాలనీ అనుకోలేదు.

అప్పుడు రెజీనా మాట్లాడింది.

"వాడు నీకు చెప్పాడు కాజ్."

చామంతి కుండీని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది ఆమె. ఎండిన ఆకులు గిల్లుతోంది. తల ఎత్తలేదు.

"ఏం చెప్పాడు?"

"ఈస్టర్ రోజు. భోజనాల దగ్గర. నువ్వు గుడ్డు మీద ఉప్పు చల్లుకుంటున్నావు. 'నాన్నా, కుడివైపు ఏం కనపట్లేదు, దుప్పటి కప్పుకుని నడిపినట్టుంది' అన్నాడు. నువ్వు నవ్వావు. 'దేవుడు మెడ ఎందుకిచ్చాడురా, టై కట్టుకోడానికా?' అన్నావు. నేనూ నవ్వాను. వాడూ నవ్వాడు."

ఆమె ఇంకో ఎండుటాకు గిల్లి కింద పడేసింది.

"గురువారం వాడు పోయాడు," అంది రెజీనా.

ఆ రోజు హాలీ కూడా ఆ బల్ల దగ్గరే ఉంది. వంటింట్లోకి వెళ్ళిందో ఏమో, ఆ మాట వినలేదు. అమ్మ విన్నది. విని, ఇన్ని నెలలూ కడుపులో పెట్టుకుంది. నాన్న 'పందెం' అన్నప్పుడల్లా పళ్ళేలు కడుగుతూ అటు తిరిగి నిలబడిన అమ్మ వీపు గుర్తొచ్చింది. అమ్మ కూడా అన్నయ్యనే తప్పు పడుతోందనుకుంది తను. వీపు చూసి మనిషిని తెలుసుకున్నాననుకుంది.

"మరి ఎందుకు చెప్పలేదమ్మా?" అంది హాలీ. "ఇన్నాళ్ళూ అందరూ వాణ్ణి అంటుంటే ఎట్లా ఊరుకున్నావు?"

"పోయినవాడు పోయాడు. వాణ్ణి ఏమన్నా వాడికి వినపడదు." రెజీనా అప్పటికి తల ఎత్తి భర్తను చూసింది. "ఈయనకి వినపడుతుంది. ఒక్కణ్ణి పూడ్చి వచ్చాను, రెండోవాణ్ణి కూడా పూడ్చే ఓపిక లేకపోయింది నాకు. వాడి పేరు చదవనీయనన్నాడు చూడు, అప్పుడు చెప్పేద్దామనుకున్నా. మూడు రోజుల్నుంచీ అనుకుంటూనే ఉన్నా. నా కన్నా నా కూతురు నయం."

ఆ మెచ్చుకోలు హాలీకి చెంపదెబ్బలా తగిలింది.

కాజిమిర్ స్తంభం మీద చేతులు అలాగే పెట్టుకుని నిలబడ్డాడు. బొటనవేలు తనంతట తాను కదులుతోంది, మట్టిని అదుముతున్నట్టు. ఎవరితోనూ కాకుండా, తనలో తనే అనుకుంటున్నట్టు అన్నాడు, "సోమవారం కొత్త కారు చూపిస్తున్నాం. దీని తరవాతది. చిన్న ఇంజను, చిన్న కారు. అయినా ఆ వంపు మాత్రం ఉంచమన్నారు, జనానికి అదే గుర్తట. స్తంభం ఇంకో వేలెడు పెంచమన్నారు."

"పెంచొద్దు పెద్దాయనా," అన్నాడు డెల్మర్.

"నిన్ననే పెంచాను."

ఆయన చేతులు దించి, లోపలికి వెళ్ళాడు. కొళాయి విప్పిన చప్పుడు వినిపించింది. చాలాసేపు వినిపించింది. హాలీ, డెల్మర్ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. రెజీనా మాత్రం ఒళ్ళో కుండీ కింద పెట్టి, తలుపు వైపే చెవి పెట్టి కూర్చుంది.

కాజిమిర్ ఆదివారం కోటు వేసుకుని, తల దువ్వుకుని బయటికొచ్చాడు. అంత్యక్రియల తరవాత ఆ కోటు వెయ్యడం ఇదే మొదటిసారి.

"పేరు ఇచ్చి వస్తాను," అన్నాడు భార్యతో. "రోమన్ ఆంటొని దుబియెల్. అంతేగా? ఆంటొని కూడా చదవాలిగా?"

రెజీనా నోటికి ఆప్రాను అడ్డం పెట్టుకుని తల ఊపింది.

ఆ పేరు ఆయన నోట వినగానే హాలీకి కళ్ళ ముందు వీధి చెరిగిపోయింది. ఏ మాట కోసం ఇదంతా చేసిందో ఆ మాట వచ్చింది. వచ్చినా, గెలిచినట్టు లేదు. నాన్న ఈ కాస్త సేపట్లోనే పదేళ్ళు ముసలివాడైపోయాడు.

"కారు ఇంకాసేపు ఉంచుకుంటాను," కాజిమిర్ డెల్మర్‌తో అన్నాడు.

"ఎంతసేపైనా ఉంచుకోండి. కొనేవాడెవడూ రావట్లేదు. నాకు అబద్ధం చేతకాదని మీకు తెలిసిందేగా."

కాజిమిర్ స్టీరింగు వైపు వెళ్ళలేదు. కుడివైపు తలుపు తెరిచి కూర్చున్నాడు.

"హాలీ, డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళకిచ్చే కాగితం నీ దగ్గర ఉందిగా?"

"ఉంది. కానీ నాన్నా..."

"నువ్వు నడుపు. కుడివైపు నేను చూస్తాను."

"చర్చి పక్క వీధిలోనే కదా పెద్దాయనా," అన్నాడు డెల్మర్. "నడిచిపోతే ఐదు నిమిషాలు. నేను నడుపుతానులే, పిల్లకి ఇంకా సరిగ్గా..."

"ఆ దారిన కాదు," అన్నాడు కాజిమిర్.

అన్నయ్య పోయిన దారినే అని హాలీకి అర్థమైంది. తల్లి వైపు చూసింది. వద్దంటుందేమోనని, అనాలని చూసింది. రెజీనా లేచి నిలబడింది గాని వద్దనలేదు. మెడలో సిలువను పిడికిట్లో పట్టుకుంది.

* * *

ఆ చోట ఫ్రీవే నేల మట్టానికి కింద, రెండు గోడల నడుమ కాలువలా పోతుంది. ఎక్కే దారి కుడివైపు నుంచి కాక ఎడమవైపు నుంచి కలుస్తుంది. అంటే కలిసేవాడు కుడివైపు వెనక్కి చూసుకోవాలి. ఎడమ వరస వేగంగా పోయేవాళ్ళది. హాలీ ఇంతవరకూ వీధుల్లో తప్ప ఎక్కడా నడపలేదు. ముందు ముక్కు ఎంత పొడుగో తెలియడం లేదు. కాలు ఆనించీ ఆనించకముందే ఇంజను గుర్రుమంటోంది. కారు కిందికి జారుతుంటే సిమెంటు గోడలు రెండు వైపులా పైకి లేచాయి.

ముందు వంతెన కనిపించింది. దాని గోడ మీద సున్నం తెల్లగా, కొత్తగా ఉంది. మిగతా గోడంతా మసి.

"అదేనా?" కాజిమిర్ అడిగాడు. ఇన్ని నెలల్లో ఆయన ఇటు రాలేదని హాలీకి అప్పుడు తెలిసింది.

"అదే నాన్నా."

ఆయన మెడ తిప్పి, ముఖం పక్క అద్దానికి ఆనించాడు. హాలీ కూడా ఒక్క క్షణం కుడి భుజం వెనక్కి చూసింది. రేకు. పసుపు రేకు తప్ప ఏమీ లేదు. ఆ రేకు అవతల లారీల రొద మాత్రం వస్తోంది. ఒకటో, రెండో, దగ్గరో, దూరమో తెలియదు. రోమన్ కూడా ఇంతే చూశాడు. ఇక్కడే చూశాడు.

"నాన్నా, కలవనా?"

ఆయన అద్దానికి ఇంకా దగ్గరగా జరిగాడు.

దారి సన్నబడుతోంది. పక్కన తెల్లగీత ముక్కలు ముక్కలై వెనక్కి పోతోంది. ఆగుదామంటే వెనక ఎవరో హారను కొడుతున్నారు. సున్నం వేసిన గోడ ఎదురుగా పెద్దదవుతోంది.

"నాన్నా, చెప్పు! రానా?"

కాజిమిర్ భుజాలు కదులుతున్నాయి. చూస్తున్నాడు, కళ్ళు విప్పార్చుకుని వెనక్కే చూస్తున్నాడు. కాని ఆయన ఊపిరికి అద్దమంతా మసక కమ్మింది. అరచేత్తో తుడుస్తున్నాడు, మళ్ళీ కమ్ముతోంది, మళ్ళీ తుడుస్తున్నాడు. పెదవులు విడివడ్డాయి. మాట మాత్రం రావడం లేదు.

(మిగతాది వచ్చే వారం)